యమహా పసిఫికా 112, 612: ఏళ్ల తరబడి రెండూ వాయించాక

"సార్, రెండూ యమహాయే, రెండూ పసిఫికాయే. చూడ్డానికీ ఒకేలా ఉన్నాయి. ఈ 612కి రెండింతల పైన ఎందుకు పెట్టాలి?" ఎలక్ట్రిక్ గిటార్ కొనాలని బయల్దేరిన పిల్లలు, వాళ్ల వెంట వచ్చే నాన్నలు నన్ను అడిగేది ఎక్కువగా ఇదే. దుకాణంలో నిలబడి పది నిమిషాల్లో తేల్చుకునే విషయం కాదు కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను.

నా దగ్గర రెండూ ఉన్నాయి. నల్లటి 112వీ ముందు కొన్నాను. ఆర్కెస్ట్రా పని పెరిగాక నీలం రంగు 612వీఐఐఎఫ్ఎం తీసుకున్నాను. ఆదివారాలు సికింద్రాబాద్‌లో చర్చి ఆరాధన, పెళ్లిళ్ల కాలంలో నాగోలు నుంచి శంషాబాద్ దాకా ఫంక్షన్ హాళ్లు, వినాయక చవితికి మంటపాల ముందు వేదికలు, అప్పుడప్పుడూ లామకాన్ సాంస్కృతిక వేదికలో మిత్రులతో ఒక సాయంత్రం, మిగతా రోజుల్లో ఇంట్లో పాఠాలు. ఈ పనులన్నిటికీ రెండిటినీ మార్చి మార్చి వాడాను. ఇన్నేళ్లకి నాకు తేలింది ఇది: 612కి అదనంగా పెట్టే డబ్బులో పెద్ద వాటా నాదంలోకి పోదు, శ్రుతి నిలవడంలోకి పోతుంది. ఇంట్లో వాయించుకునేవాళ్లకి ఆ తేడా దాదాపు కనబడదు. వేదిక ఎక్కేవాళ్లకి మాత్రం అదే ముఖ్యం.

యమహా అంటే మన ఇళ్లలో కీబోర్డు, లేదా బైకు. తొరకుసు యమహా 1887లో రీడ్ ఆర్గన్‌తో మొదలుపెట్టిన కంపెనీ ఇది. బైకుల విభాగం 1955లో వేరే కంపెనీగా విడిపోయింది. రెండిటి గుర్తులోనూ మూడు శ్రుతిదండాలు ఉంటాయి, ఎప్పుడైనా బండి ట్యాంకు మీద చూడండి. పసిఫికా వరస 1990లో వచ్చింది. తయారీ జపాన్ కంపెనీదే అయినా రూపకల్పన జరిగింది కాలిఫోర్నియాలో, అందుకే ఆ పసిఫిక్ తీరం పేరు. మన ఊళ్లో అకూస్టిక్ నేర్చుకునే పిల్లల్లో చాలామంది యమహా ఎఫ్310తోనే మొదలుపెడతారు కాబట్టి, ఎలక్ట్రిక్‌కి మారేటప్పుడు అదే కంపెనీ వైపు చూడటం సహజం.

పసిఫికాలో అన్నిటికంటే కింద 012 ఉంటుంది. దాని బాడీ అగాతిస్ చెక్క. 112వీ నుంచి ఆల్డర్ చెక్క వస్తుంది. ఇక్కడే చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. 112వీ, 612 రెండిటిదీ ఆల్డర్ బాడీయే. రెండిటిదీ మేపుల్ నెక్ (మెడ), దాని మీద వేళ్లు నొక్కే రోజ్‌వుడ్ ఫింగర్‌బోర్డు. రెండిటికీ 22 ఫ్రెట్లు (అడ్డంగా ఉండే లోహపు మెట్లు), ఇరవై అయిదున్నర అంగుళాల స్కేలు, అంటే మోగే స్ట్రింగ్ పొడవు. ఫింగర్‌బోర్డు వంపు కూడా ఒకటే, 13.75 అంగుళాల వ్యాసార్ధం. స్ట్రింగ్ కంపనాన్ని పట్టుకునే పికప్‌ల అమరికా అదే: స్ట్రింగ్స్ కింది కొన ఆనే బ్రిడ్జ్ దగ్గర రెండు కాయిల్స్ ఉన్న హంబకర్, మధ్యలో ఒకటి, నెక్ దగ్గర ఒకటి సింగిల్ కాయిల్. ఏ పికప్ మోగాలో ఎంచుకునే అయిదు స్థానాల స్విచ్ రెండిటికీ ఉంది. టోన్ నాబ్ పైకి లాగితే హంబకర్‌లో ఒక కాయిల్ మాత్రమే పనిచేసే ఏర్పాటూ రెండిటికీ ఉంది. 612 మీద కనబడే ఆ అందమైన నిప్పుజ్వాలల మేపుల్ గీతలు పైన అంటించిన పలచటి పొర. కళ్లకి బాగుంటుంది, చెవికి దానితో పని లేదు.

అంటే అస్థిపంజరం ఒకటే. కళ్లు మూసుకుని యాంప్‌కి (యాంప్లిఫయర్‌కి) పెట్టకుండా రెండూ మీటితే, ఏది ఏదో నా దగ్గర చాలాకాలం నేర్చుకున్న పిల్లలు కూడా తరచూ పొరబడతారు. చెక్క గురించి దుకాణాల్లో చెప్పే మాటలకి ఈ రెండు గిటార్ల విషయంలో విలువ ఇవ్వొద్దు.

ఆ వంపు గురించి ఒక మాట. మన పాటల్లో గమకం తప్పదు. సినిమా పాటల ఇంటర్‌లూడ్‌లో నాదస్వరం బిట్టో, వీణ బిట్టో గిటార్ మీద వాయించాల్సి వస్తే స్ట్రింగ్‌ని లాగి స్వరాన్ని పైకి తీసుకెళ్లి, అక్కడ ఊపి, మెల్లగా దించాలి. వంపు ఎక్కువగా ఉన్న పాతకాలం ఫింగర్‌బోర్డుల మీద, స్ట్రింగ్స్ కిందికి దించి పెట్టుకుంటే, లాగిన స్ట్రింగ్ పై ఫ్రెట్లకి తగిలి స్వరం మధ్యలోనే చచ్చిపోతుంది. 13.75 అంగుళాలంటే కాస్త చదునుగా ఉంటుంది. ఒకటిన్నర స్వరం లాగినా మోగుతూనే ఉంటుంది. కర్ణాటక సంగీతం ఎలక్ట్రిక్ వాద్యం మీద పలుకుతుందా అనే అనుమానాన్ని పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌తో ఎప్పుడో తీర్చేశారు. ఆయన చేసిన దాంట్లో వెయ్యో వంతు మన చేతికి రావాలన్నా వాద్యం ముందు అడ్డు పడకూడదు. ఈ విషయంలో 112 అడ్డు పడదు. 612 కూడా అంతే. చవక గిటార్‌కి ఈ మెడ ఇచ్చినందుకు నాకు యమహా మీద నిజంగా గౌరవం ఉంది.

మరి తేడా ఎక్కడ? నట్ (మెడ పైకొనన స్ట్రింగ్స్ ఆనే గాళ్ల పట్టీ), సాడిల్స్ (బ్రిడ్జ్ మీద స్ట్రింగ్స్ ఆనే దిమ్మలు), ట్యూనర్లు (స్ట్రింగ్ చుట్టి శ్రుతి చేసే మరలు), ట్రెమొలో (కడ్డీతో బ్రిడ్జ్‌ని ఊపే ఏర్పాటు). స్ట్రింగ్ తాకే, స్ట్రింగ్‌ని పట్టుకునే చోట్లన్నీ.

స్ట్రింగ్ శ్రుతి తప్పిందంటే అందరూ ట్యూనర్‌ని తిడతారు. చాలాసార్లు దాని తప్పు ఉండదు. నట్ అనేది చేద తాడుకి గిలక లాంటిది. తాడు దాని మీద నుంచి ఇటూ అటూ నున్నగా జారాలి. బెండ్ చేసినప్పుడు, అంటే స్ట్రింగ్‌ని లాగినప్పుడు, ట్యూనర్ వైపున్న స్ట్రింగ్ వెంట్రుకవాసి ఇవతలికి జరుగుతుంది. వదిలాక తిరిగి వెనక్కి వెళ్లాలి. నట్ గాడిలో ఇరుక్కుని వెళ్లకపోతే స్వరం కిందికి దిగిపోతుంది. ట్రెమొలో కడ్డీని కిందికి నొక్కితే దీనికి ఎదురుగా జరుగుతుంది. స్ట్రింగ్ వదులై ట్యూనర్ వైపుకి జారుతుంది, కడ్డీ వదిలాక ఇవతలికి రాకుండా ఇరుక్కుంటే స్వరం పైకి పోతుంది. కాబట్టి మీ గిటార్ బెండ్ తర్వాత కిందికి, కడ్డీ తర్వాత పైకి తప్పుతోందంటే దోషం నట్‌దే. శ్రుతి చేసేటప్పుడు ట్యూనర్‌ని మెల్లగా తిప్పుతూ వినండి. గాడిలోంచి చిన్నగా "టిక్" మని వినబడి, క్లిప్ ట్యూనర్‌లో (శ్రుతి చూపే చిన్న యంత్రంలో) ముల్లు ఒక్కసారిగా గెంతితే స్ట్రింగ్ ఇరుక్కుని విడిపోయిందన్నమాట. ఎక్కువగా మూడో స్ట్రింగ్ దగ్గరే వినబడుతుంది.

112 ధరలో చాలా గిటార్లకి నట్ మామూలు ప్లాస్టిక్‌దే ఉంటుంది. దాన్ని బాగుచేసుకోవడం పెద్ద పని కాదు. స్ట్రింగ్ తీసి గాడిలో మెత్తటి పెన్సిల్ ముల్లు నాలుగుసార్లు రుద్దితే గ్రాఫైట్ పట్టుకుని జారుడు వస్తుంది. 112కి నేను కొన్నాళ్లు అదే చేశాను, కొత్త స్ట్రింగ్స్ వేసిన ప్రతిసారీ. 612కి గ్రాఫ్‌టెక్ కంపెనీ టస్క్ నట్ తయారీలోనే వస్తుంది. సాడిల్స్ కూడా వాళ్ల స్ట్రింగ్ సేవర్లే. వాటి పదార్థంలోనే జారుడు గుణం ఉంది, అందుకని స్ట్రింగ్ సాడిల్ మీద కోసుకుపోయి తెగడమూ తగ్గింది. 612 కొన్నప్పటి నుంచి దాని నట్ గాడిలో పెన్సిల్ పెట్టే అవసరం నాకు రాలేదు.

ట్యూనర్ల సంగతి. 112కి మామూలువే. స్ట్రింగ్‌ని రెండు మూడు చుట్లు చుట్టాలి. ఆ చుట్లు సర్దుకునేదాకా కొత్త స్ట్రింగ్ సాగుతూ ఉంటుంది. 612కి గ్రోవర్ లాకింగ్ ట్యూనర్లు. స్ట్రింగ్‌ని రంధ్రంలోంచి దూర్చి, బిగువుగా లాగి, లోపల పట్టు పడ్డాక తిప్పితే ఒక చుట్టు కూడా పూర్తికాకుండానే శ్రుతికి వచ్చేస్తుంది.

దీని విలువ ఇంట్లో తెలియదు. ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లికూతురు వేదిక మీదికి నడిచి వచ్చే పాటకి ముందు నా 612 మొదటి స్ట్రింగ్ తెగింది. పూలు చల్లే పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. కెమెరా అన్న చేత్తో సైగ చేస్తున్నాడు. కీబోర్డు తమ్ముడు నా వైపు చూసి పల్లవి ముందున్న తీగ రాగాన్ని రెండోసారి ఎత్తుకున్నాడు. ఆ లోపు పాత ముక్క లాగేసి, కొత్తది వెనక దిమ్మలోంచి దూర్చి, పైన బిగించి, క్లిప్ ట్యూనర్ చూసుకుని, రెండుసార్లు లాగి సాగదీసి, మళ్లీ సరిచేసి చరణానికి అందుకున్నాను. మామూలు ట్యూనర్లతో పాట అయిపోయేది. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా వృత్తిగా వాయించేవాళ్లు 612 వైపు చూడొచ్చని నా అభిప్రాయం.

ట్రెమొలో గురించి ఇంకా చెప్పాలి. 112ది పాతకాలపు ఆరు స్క్రూల పద్ధతి. 612ది విల్కిన్సన్ వీఎస్50, రెండు స్తంభాల మీద కత్తి అంచులా ఆనుకుని ఊగుతుంది. రాపిడి తక్కువ, కాబట్టి ఊగి వచ్చాక ఉన్నచోటికే వచ్చి నిలుస్తుంది. ఆరాధన పాటల్లో పొడవైన తీగ స్వరం చివర కడ్డీతో సన్నగా ఊపితే గొంతు వణికినట్టే ఉంటుంది. 612 మీద ఇది పాట పాటకీ నిశ్చింతగా చేస్తాను. 112 మీద ఆ పని మానేశాను. వెనక మూత తీసి, స్ప్రింగ్స్ పట్టుకున్న పంజా స్క్రూలు బిగించి, బ్రిడ్జ్‌ని బాడీకి ఆనించేశాను. కడ్డీ తీసి పక్కన పెట్టాను. దీంతో ఇంకో లాభం వచ్చింది. బ్రిడ్జ్ తేలుతూ ఉంటే ఒక స్ట్రింగ్ తెగినప్పుడు స్ప్రింగ్స్ లాగుడు ఎక్కువై మిగతా అయిదూ పైకి పోతాయి. ఆనించి పెడితే పోవు. పైన చెప్పిన పెళ్లిలో తెగిన ఒక్క స్ట్రింగ్‌తో అన్నీ తప్పి, కొత్తది వేశాకే మిగతావి తమ చోటికి వచ్చాయి. కడ్డీ ఎప్పుడూ ముట్టుకోని వాళ్లయితే 112ని ఇలా ఆనించుకోండి. శ్రుతి విషయంలో రెండు గిటార్ల మధ్య ఉన్న దూరం సగానికి సగం అక్కడే తగ్గిపోతుంది.

ఇక నాదం. ఇక్కడ కూడా తేడా ఉంది, కానీ దుకాణంలో చెప్పేంత కాదు.

112వీ పికప్‌లు యమహా సొంతవి, అల్నికో 5 అయస్కాంతాలవి. శుభ్రమైన నాదంలో, అంటే డిస్టార్షన్ లేకుండా, మెలోడీ పాటల కార్డ్స్ మీటేటప్పుడు నాకు ఏ లోటూ కనబడలేదు. నెక్ పికప్ గుండ్రంగా, మెత్తగా పలుకుతుంది. 612లో సెమూర్ డంకన్ పికప్‌లు: నెక్, మధ్య స్థానాల్లో ఎస్ఎస్ఎల్-1, బ్రిడ్జ్ దగ్గర కస్టమ్ 5. ఎస్ఎస్ఎల్-1లో మీటు ముందుగా వినిపిస్తుంది. పిక్ తగిలిన ఆ మొదటి క్షణం స్పష్టంగా, కాస్త గాజులా ఉంటుంది. తబలా, డోలక్, ప్యాడ్స్, ఇద్దరు గాయకులు, రెండు కీబోర్డులు ఉన్న ఆర్కెస్ట్రాలో గిటార్ వినబడాలంటే ఆ అంచు కావాలి. 112తో నేను మిక్సర్ దగ్గరున్న అన్నని "కొంచెం పెంచన్నా" అని అడిగేవాణ్ని. 612తో ఆ మాట అడగడం తగ్గింది.

టోన్ నాబ్ లాగి హంబకర్‌ని విడదీసినప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కస్టమ్ 5 నిరోధం సుమారు 14 కిలో ఓములు. అందులో సగం ఏడు. ఎస్ఎస్ఎల్-1ది ఆరున్నర చిల్లర. అందుకని విడదీసిన హంబకర్ కూడా మిగతా రెండు పికప్‌లతో సమానంగా మోగుతుంది, పాట మధ్యలో నాబ్ లాగినా శబ్దం పడిపోదు. 112లో లాగితే పలచబడుతుంది, వాల్యూమ్ కొంచెం పెంచుకోవాలి. ఆ పలచటి నాదమే కొన్ని పాటల్లో కీబోర్డుకి అడ్డు రాకుండా సరిపోతుంది, అది వేరే విషయం. డిస్టార్షన్ ఎక్కువ పెట్టినప్పుడు కస్టమ్ 5 కింది స్వరాల్ని విడివిడిగా ఉంచుతుంది. రాక్ వాయించేవాళ్లకి ఇది నచ్చుతుంది. నా పనిలో దాని అవసరం తక్కువ.

గుయ్‌మనే మోత గురించి మన ఊళ్లో వాయించేవాళ్లెవరైనా చెప్పాల్సిందే. సింగిల్ కాయిల్ పికప్ అంటే ఒక రకంగా యాంటెన్నా. ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ లైట్లు, డిమ్మర్లు, పక్కనే జనరేటర్, వీటన్నిటి 50 హెర్ట్జ్ మోతా అందులోకి వస్తుంది. 612లో మధ్య పికప్ చుట్టు దిశ, అయస్కాంత ధ్రువం రెండూ తిరగేసి ఉంటాయి. నెక్, మధ్య పికప్‌లు కలిసి మోగే స్థానంలో స్విచ్ పెడితే స్ట్రింగ్ నాదం కూడుతుంది, కరెంటు మోత రెండు వైపుల నుంచీ ఎదురెదురై తీసివేతకి వస్తుంది. పాటల మధ్య యాంకర్ మాట్లాడేటప్పుడు నేను స్విచ్ అక్కడే ఉంచుతాను. హాల్లో లైట్ల పట్టీకి ఎదురుగా కాకుండా ఒక పక్కకి తిరిగి నిలబడినా మోత తగ్గుతుంది, రెండు గిటార్లకీ.

ఇంకో సంగతి, దీనికి గిటార్ ధరతో సంబంధం లేదు గానీ ప్రాణంతో ఉంది. ఎలక్ట్రిక్ గిటార్ స్ట్రింగ్స్, బ్రిడ్జ్ ద్వారా గ్రౌండ్‌కి కలిపి ఉంటాయి. యాంప్‌కో, సౌండ్ సిస్టమ్‌కో ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే, స్ట్రింగ్స్ మీద చెయ్యి ఉండగా మైక్‌కి పెదవి తగిలినప్పుడు షాక్ కొడుతుంది. తాత్కాలిక వేదికల మీద టెస్టర్‌తో మైక్ జాలీ, బ్రిడ్జ్ రెండూ చూసుకోకుండా నేను వాయించను. పిల్లలకి కూడా మొదటి పాఠాల్లోనే ఇది చెప్తాను.

హైదరాబాద్ వాతావరణం రెండు గిటార్లనీ ఒకేలా చూసింది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు, గాలిలో తేమ ఉండదు. చెక్క అడ్డంగా కుదించుకుపోతుంది, లోహం కుదించుకోదు. ఫింగర్‌బోర్డు అంచు మీద వేలు పైనుంచి కిందికి నడిపితే ఫ్రెట్ కొనలు చిన్నగా గీసుకుంటాయి. ఇది ఖరీదైన గిటార్‌కైనా తప్పదు. ఎండాకాలం మొదట్లోనే రోజ్‌వుడ్‌కి నిమ్మనూనె పలచగా పట్టించి తుడిచేస్తాను, ఏసీ గదిలో గిటార్‌ని బయట స్టాండ్ మీద వదలకుండా బ్యాగ్‌లో పెడతాను. జులై వానలు పట్టాక నెక్ ముందుకి వంగుతుంది, స్ట్రింగ్స్ ఎత్తుగా అనిపిస్తాయి. మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలు, నెక్ బాడీలో కలిసే చోట ఒక వేలు నొక్కి ఏడో ఫ్రెట్ దగ్గర చూడండి. స్ట్రింగ్‌కీ ఫ్రెట్‌కీ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు చాలు. ఎక్కువుంటే నెక్ లోపలుండే లోహపు కడ్డీని (ట్రస్ రాడ్) బిగించాలి, అసలే లేకపోతే సడలించాలి. ఒక్కసారికి పావు చుట్టు మించొద్దు, తిప్పాక ఒక పూట ఆగి మళ్లీ చూడండి. ఈ పనికి ఎక్కువసార్లు లొంగింది ఏ గిటార్ అంటే చెప్పలేను, నెక్‌లు రెండూ అంత సమానంగా ప్రవర్తించాయి.

ఫ్రెట్ల అరుగుదల కూడా ఇంతే. రెండిటివీ నికెల్ సిల్వర్ ఫ్రెట్లు. పేరులో సిల్వర్ ఉన్నా వెండి ఉండదు, రాగి, నికెల్, జింకుల మిశ్రమం. గమకాలు ఎక్కువ లాగే చోట, మొదటి మూడు స్ట్రింగ్స్ కింద, గాళ్లు పడతాయి. ముందు కొన్నది కాబట్టి 112కి ముందుగా లెవెలింగ్, అంటే ఫ్రెట్లన్నీ సమంగా అరగదీసే పని, చేయించాల్సి వచ్చింది.

ఆ పని చేసిన పెద్దాయన దగ్గరే 112 గురించి నేను వేసుకున్న లెక్క తేలింది. సికింద్రాబాద్ సందుల్లో హార్మోనియం నుంచి గిటార్ దాకా అన్నీ బాగుచేసే మనిషి ఆయన. 112కి మంచి పికప్‌లు వేయిస్తే 612 అవుతుందా అని అడిగితే, గిటార్ చేతిలోకి తీసుకుని మూడో స్ట్రింగ్ ఒక్కసారి లాగి వదిలి, "ముందు నట్ చూద్దాం సాబ్, పికప్‌ల సంగతి తర్వాత" అన్నారు. ఎముకతో కొత్త నట్ కోసి, గాళ్లు స్ట్రింగ్ మందానికి తగ్గట్టు ఒక్కోటీ ఒక్కో ఫైల్‌తో తీశారు. గాడి ట్యూనర్ వైపుకి కొంచెం వాలుగా ఉండాలి, అంచు ఫింగర్‌బోర్డు వైపు పదునుగా ఉండాలి అని చూపించారు. స్ట్రింగ్ ఆ అంచు మీదే ఆనితే స్వరం స్పష్టంగా ఉంటుంది, లోపల ఎక్కడో ఆనితే సితార్‌లా జివ్వుమంటుంది. ఆ రోజు నుంచి 112 నాకు ఇంకో గిటార్. పికప్‌లు మార్చాలన్న ఆలోచన మళ్లీ రాలేదు.

లెక్క ఇలా ఉంటుంది. 112 కొని, నట్ మార్పించి, లాకింగ్ ట్యూనర్లు వేసి, మూడు డంకన్ పికప్‌లు కొత్తవి కొని, పని కూలీ ఇచ్చేసరికి 612 ధర దాటిపోతుంది. పైగా అమ్మేటప్పుడు అది 112గానే అమ్ముడవుతుంది. కాబట్టి అన్నీ కావాలనుకుంటే నేరుగా 612 కొనండి. నట్, సెటప్ మాత్రం చాలనుకుంటే 112లో మిగిలిన డబ్బుని యాంప్ మీద పెట్టండి. చిన్న డబ్బా యాంప్‌లో 612 వాయించే కన్నా మంచి యాంప్‌లో 112 వాయించడం ఎంతో మేలు. నా దగ్గర నేర్చుకునే పిల్లల నాన్నలకి ఇదే చెప్తాను. మొదటి రెండు మూడేళ్లకి 112 చాలు, సందేహమే లేదు.

కొత్తగా వచ్చినవి కూడా చూశాను. 2024లో పసిఫికా స్టాండర్డ్ ప్లస్, ప్రొఫెషనల్ అని రెండు వచ్చాయి. మొదటిది ఇండోనేషియాలో, రెండోది జపాన్‌లో తయారవుతాయి. ఆడియో పరికరాల కంపెనీ రూపర్ట్ నీవ్ డిజైన్స్‌తో కలిసి చేసిన రిఫ్లెక్టోన్ పికప్‌లు, స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్లు వాటి ప్రత్యేకత. మన చెమటకీ మన గమకాలకీ స్టీల్ ఫ్రెట్లు అంత తొందరగా అరగవు, లాగేటప్పుడు వేలి కింద స్ట్రింగ్ మంచుగడ్డ మీద జారినట్టు జారుతుంది. స్టాండర్డ్ ప్లస్‌ని ఒక మిత్రుడి దగ్గర ఒక సాయంత్రం వాయించాను, చాలా నచ్చింది. కానీ ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక పెళ్లిళ్ల కాలం గడవకుండా గిటార్ మీద తీర్పు చెప్పడం నాకు ఇష్టం ఉండదు.

ఇప్పుడు నా రెండు గిటార్లూ పని పంచుకున్నాయి. 612 మామూలు శ్రుతిలో ఉంటుంది, వేదిక మీద చేతిలో ఉండేది అదే. 112ని అర స్వరం కిందికి శ్రుతి చేసి పక్కన స్టాండ్ మీద పెడతాను. గాయని "అన్నా, హాఫ్ తగ్గిద్దాం, ఈ రోజు గొంతు బాలేదు" అంటే కీబోర్డు తమ్ముడికి ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది, నాకు లేదు. అప్పుడు 112 అందుకుంటాను. సన్నటి 9-42 స్ట్రింగ్స్ సెట్ బదులు దానికి కాస్త మందమైన 10-46 వేశాను, కిందికి దించినా స్ట్రింగ్స్ వదులుగా అనిపించవు. బ్రిడ్జ్ బాడీకి ఆని ఉంది కాబట్టి, కొత్త నట్ ఉంది కాబట్టి, కార్యక్రమం అంతా శ్రుతి చూసుకునే పని పెట్టదు.

వాడినవి కొనేవాళ్లకి ఒక సూచన. మన ఊళ్లో వాడిన 112లు తరచుగానే దొరుకుతాయి. నేర్చుకోవడం ఆపేసిన పిల్లలవి కాబట్టి చాలావాటికి ఫ్రెట్లు కొత్తగానే ఉంటాయి. 612లు అరుదు, దొరికినా వేదికల మీద బాగా వాడినవే దొరుకుతాయి. వాటికి మూడో ఫ్రెట్ నుంచి తొమ్మిదో ఫ్రెట్ దాకా గాళ్లు చూడండి, విల్కిన్సన్ స్తంభాల దగ్గర కత్తి అంచు అరిగిందేమో చూడండి, కడ్డీ గట్టిగా నొక్కి వదిలి క్లిప్ ట్యూనర్‌లో ముల్లు మునుపటి చోటికే వస్తోందా చూడండి. టోన్ నాబ్ నాలుగుసార్లు పైకి లాగి కిందికి నొక్కండి, నాదం మారుతోందో లేదో, మధ్యలో చిటపటమంటోందో వినండి. అమ్మేవాళ్లు యాంప్ లేదంటే మీ చిన్న యాంప్ మీరే తీసుకెళ్లండి.